పెంకుల వ్యాపారికి ఇచ్చేసిన పాట

మా దగ్గరికి బస్సుల్లో వచ్చే టూరిస్టులందరికీ తలా ఒక పాట కట్టి ఇవ్వాలన్న దిక్కుమాలిన ఆలోచన మా తమ్ముడు మిక్కల్‌ది. రెయిన్‌డీర్లకు మేత వేయించడం, తాడు విసిరించడం, గుడారంలో కూర్చోబెట్టి మాంసం పులుసు పోయడం, ఇవన్నీ ఈ మంచుదేశంలో మా ఊరు కరాశోక్ చుట్టుపక్కల ప్రతి ఇంటివాళ్ళూ చేస్తున్నారట. కొత్తగా ఏదో ఒకటి లేకపోతే బస్సులు మా గేటు ముందు ఆగవట. అందుకని పులుసు అయ్యాక ఒక్కొక్కరినీ పొయ్యి పక్కన నిలబెట్టి, పేరడిగి, రెండు నిమిషాల్లో మావాళ్ళ యోయిక్ పాట ఒకటి పాడేసి, "ఇది మీ సొంతం" అంటూ ఒక అట్టముక్క చేతిలో పెడతాడు. అట్టముక్క మీద నవ్వుతున్న రెయిన్‌డీర్ బొమ్మ. దాన్ని చూస్తేనే నాకు రోత.

రెయిన్‌డీర్లు మేపుకునే మా జనంలో యోయిక్ ఎవరిని తలచుకుని కడితే వాళ్ళది. కట్టినవాడికి కూడా దాని మీద హక్కు లేదు. ఎవరూ తన యోయిక్ తాను పాడుకోరు, అది సిగ్గుమాలిన పని. ఇంకొకరు పాడితే మాత్రం ఆ మనిషి, ఎక్కడున్నా, బతికి లేకపోయినా, పాటలోంచి వచ్చి ఎదురుగా నిలబడాలి. నిలబడకపోతే పాడినవాడికి చేతకాలేదని లెక్క.

అమ్మ యోయిక్ నాన్న కట్టాడు, పెళ్ళికి ముందే. అందులో మాటలు లేవు. వడివడిగా నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగి, వెనకవాళ్ళని తిట్టడానికి తిరిగినట్టు ఉంటుంది. అమ్మ నడకే అంత. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. రోజూ పొద్దున్నే నాన్న కాఫీ గింజలు చేతిమరలో విసురుతూ అది పాడతాడు. పాడుతూ పాడుతూ ఒకచోట తల దించుకుని నవ్వుతాడు. తిట్లు పడుతున్నాయని నాకు అర్థమైపోతుంది. నాన్నకి మిగిలింది ఆ కాసేపే.

మార్చిలో ఆ రోజు పంతొమ్మిది మంది దిగారు. ఒకడి నెత్తిన ఎక్కడో కొన్న ప్లాస్టిక్ కొమ్ముల టోపీ. ఒకావిడ అడగనైనా అడక్కుండా నా గుండెల మీది వెండి బిళ్ళ పట్టుకుని, సంతలో వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. నేను పళ్ళికిలించాను. అదీ ఉద్యోగంలో భాగమేనని మిక్కల్ చెప్పాడు. ఆ ఇకిలింపు ముఖానికి అతుక్కుపోయి, సాయంత్రం వేణ్ణీళ్ళతో కడుక్కున్నా పోదు. నామీద నాకే అసహ్యం వేస్తుంది.

పులుసు అయింది, పాటలు మొదలయ్యాయి. లావుపాటి మనిషికి ఎలుగుబంటి నడక, సన్నపాటి ఆవిడకి కొంగ. అందరూ చప్పట్లు కొట్టారు. పద్దెనిమిది మంది అయ్యేసరికి మిక్కల్ గొంతు బొంగురుపోయింది, బుర్ర ఖాళీ అయింది. ఆఖరివాడు హెండ్రిక్ అని, హాలండులో ఇంటి పైకప్పు పెంకులు అమ్ముతాడట. ఎర్రటి బుగ్గలు, మంచి మనిషిలాగే ఉన్నాడు. పొయ్యి పక్కన చేతులు కట్టుకుని చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

మిక్కల్ పొగ పోయే కంతలోకి చూశాడు. నోరు తెరిచాడు. అమ్మ వచ్చింది.

మొదటి మూడు స్వరాలకే నాకు తెలిసిపోయింది. గరిటె చేతిలో ఉంది. పక్కకి తిప్పుతాడులే అనుకున్నాను. తిప్పలేదు. అమ్మ వడివడిగా నడిచి, ఠక్కున ఆగి, వెనక్కి తిరిగింది. నేను కిక్కురుమనలేదు, వచ్చినవాళ్ళ ముందు గొడవెందుకని ఊరుకున్నాను. హెండ్రిక్‌ది పాట ఇట్టే పట్టేసే చెవి, అదీ మా ఖర్మ. రెండోసారికే తప్పు లేకుండా అందుకున్నాడు.

"నాదేనా ఇది?"

"మీదే," అన్నాడు మిక్కల్, అట్టముక్క ఇచ్చేస్తూ.

గుడారం వెనక్కి వాడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. "ఏరా, ఏం పాడావో తెలిసే పాడావా?"

"నోటికి అదే వచ్చిందక్కా. ఇంకేం తట్టలేదు."

"నోటికొస్తే? అమ్మని తీసుకెళ్ళి పెంకులవాడికి ఇచ్చేస్తావా?"

"అబ్బ, అరవకు. రేపు వాడెక్కడో, మనమెక్కడో. నాన్న బయటున్నాడు, వినలేదులే."

"వింటే?"

"నువ్వు విన్నావుగా, మరి ఆపలేదేం? గరిటె పట్టుకుని చూస్తూనే ఉన్నావు."

చెంప పగలగొడదామనుకున్నాను. కానీ వాడన్నది నిజం.

హెండ్రిక్‌ని అడిగి ఆ పాట నేనే వెనక్కి తీసుకుందామని దొడ్డివైపు పరిగెత్తాను. అప్పటికే ఆలస్యమైంది. మేత బస్తా భుజాన వేసుకుని నాన్న మాకు వీపు పెట్టి వెళుతున్నాడు. వెనక బాటమీద మంచులో హెండ్రిక్ పాడుకుంటూ వస్తున్నాడు, తన పాట తానే, సిగ్గూ ఎగ్గూ లేకుండా. నాన్న ఆగిపోయాడు. బస్తా జారిపోయింది. టోపీ తీసి, జుట్టు సర్దుకుని, అప్పుడు తిరిగాడు. ఆ ముఖం నేను చూడకుండా ఉండాల్సింది.

హెండ్రిక్ నవ్వుతూ దగ్గరికొచ్చి, "ఇది నా పాట! మీ అబ్బాయి ఇచ్చాడు!" అని చెయ్యి చాపాడు. నాన్న ఆ చేతిని చూసి, మనిషిని చూసి, చెయ్యి కలిపాడు.

బస్సు దగ్గర హెండ్రిక్‌ని పట్టుకుని సంగతంతా చెప్పాను. పాపం, అతని ముఖం పాలిపోయింది. "అయ్యో, నాకు తెలియదమ్మా, క్షమించండి," అని ఫోన్‌లో రికార్డు చేసుకున్నది నా ఎదుటే తీసేశాడు. అట్టముక్క తిరిగిచ్చాడు. రెండుసార్లు తలవంచి దండం పెట్టినంత పని చేశాడు. తర్వాత మెట్లెక్కుతూ, తనకే తెలియకుండా, అదే కూనిరాగం తీశాడు. మంచివాడైనందుకు అతన్ని తిట్టడానికి కూడా లేకపోయింది. ఛీ, ఏం బతుకు మాది!

మర్నాడు నాన్న పాడకుండా కాఫీ గింజలు విసిరాడు. ఆ మర్నాడూ అంతే. మిక్కల్ మూలన కూర్చుని బూట్లకి తాళ్ళు కట్టుకుంటూ తల ఎత్తలేదు. మూడోరోజు నేనే ఉండబట్టలేక అడిగాను.

"పాడట్లేదేం నాన్నా?"

"పాడి చూశానమ్మా. రావట్లేదు."

"మర్చిపోయావా?"

"పాటెందుకు మర్చిపోతానే, పాటొస్తోంది. మీ అమ్మే రావట్లేదు." చేతిమర పిడి మీద చెయ్యి ఆగింది. "మొదలెట్టగానే ఆ ఎర్రబుగ్గలాయన వస్తున్నాడు. నవ్వుకుంటూ వచ్చి చెయ్యి చాపుతున్నాడు."

మిక్కల్ చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"నువ్వేం చేస్తున్నావు నాన్నా?"

"ఏం చేస్తాను? మనింటికొచ్చిన మనిషి. ఇవ్వకపోతే బాగోదని ఇస్తున్నాను."