సాల్మన్ చెవిలో చెప్పిన మాట

అన్వర్ పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తాడు. పెదనందిపాడులో బస్టాండు ఎదురు సందులో స్టూడియో. పద్దెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి నిఖా జరిగినా, ఎవరు తాళి కట్టినా, ఎవరు చర్చిలో ఉంగరాలు మార్చుకున్నా ఒక కన్ను మూసుకుని చూస్తూ నిలబడింది అతనే. పనిమంతుడు, అనుమానం లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే: ముహూర్తాల రోజుల్లో ఏ పనికైనా 'రేపు చూసుకుందాంలే' అంటాడు. ఆ రేపు ఫిబ్రవరి నెలాఖర్లో వచ్చి కూర్చుంది.

ఆ పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే నల్లటి తెర మీద రెండు వరసల తెల్ల అక్షరాలు. డిస్కు ఏదీ లేదట. ఆపి మళ్ళీ వేశాడు. లేదట. వెనక మూత విప్పి చూస్తే, ఫైళ్ళన్నీ దాచుకునే ఎస్సెస్డీ పెట్టినచోటే ఉంది. అది ఉన్నట్టు ల్యాప్‌టాప్‌కే తెలియడం లేదు. ఇంట్లో మనిషిని పెట్టుకుని, తలుపు తట్టినవాడితో ఎవరూ లేరు పొమ్మన్నట్టుంది వ్యవహారం.

అందులో మూడు పెళ్ళిళ్ళున్నాయి. రెండిటికి ఫర్వాలేదు, కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు. మూడోది మహిమ పెళ్ళి. ఆ కార్డులు అదే సాయంత్రం ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, మర్నాటి ఫంక్షన్ కోసం చెరిపేశాడు. ఇంకో కాపీ పెట్టుకునే డిస్కు అప్పటికే నిండిపోయింది. కొత్తది తేవాలి, రేపు చూసుకుందాంలే అనుకున్నాడు.

మహిమ పెళ్ళయిన పదకొండో రోజున వాళ్ళ నాన్న సాల్మన్ గుండె ఆగి చనిపోయాడు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ముఠా మేస్త్రి ఆయన, చర్చిలో సంఘ పెద్ద. పాతికేళ్ళు ఆ ఘాటులో బస్తాలెత్తించిన గొంతు, ఎంత గట్టిగా మాట్లాడినా గుసగుసలాగే ఉండేది. పెళ్ళి రోజు చర్చి వాకిట్లో, కూతుర్ని పెళ్ళికొడుకు చేతిలో పెట్టే ముందు, ఆమె చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పాడు. పక్కనే బ్యాండు మేళం దుమ్ము లేపుతోంది. మహిమకి ఒక్క ముక్కా వినపడలేదు. అయినా తల ఊపింది. మళ్ళీ చెప్పమంటే నాన్న అందరి ముందూ ఏడ్చేస్తాడని భయపడింది. ఎలాగూ ఆయన చొక్కాకి అన్వర్ కాలర్ మైకు పెట్టాడు, తర్వాత వీడియోలో వినచ్చులే అనుకుంది.

భూస్థాపన అయ్యాక ఆమె అన్వర్‌ని అడిగింది ఆ ఒక్కటే.

"అన్వరన్నయ్యా, ఆల్బం తర్వాత చూద్దాం. నాన్న చెవిలో చెప్పింది, ఆ ముక్క ఒక్కటి నా ఫోన్‌కి పంపండి."

"ఈ వారంలో పంపిస్తానమ్మా" అన్నాడు అన్వర్. ఆ వారం పోయింది, పై వారం కూడా పోయింది. రెండు నిమిషాల పని. తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

ల్యాప్‌టాప్ పట్టుకుని గుంటూరు పరిగెత్తాడు. అరండల్‌పేటలో ఇలాంటివి బాగుచేసే వీరాంజనేయులు ఎస్సెస్డీని ఊడదీశాడు. చూయింగ్ గమ్ ముక్కంత ఉంది. వేరే మిషన్‌కి తగిలించి చూశాడు. అక్కడా కనపడలేదు.

"చచ్చిపోయిందని చెప్పలేనండీ, పలకడం మానేసింది. కరెంటిచ్చి కదపకుండా వదిలేద్దాం. ఒక్కోసారి దానంతటదే లేస్తది."

"ఎట్టాగైనా లేపండి. అందులో ఒక పెద్దాయన గొంతుంది" అన్నాడు అన్వర్. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నోరా వీపుకు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు. అలవాటుకొద్దీ ఇంకో మాట కూడా అన్నాడు: "త్వరగా కానివ్వండి, రేపటి నుంచి వరసగా ఫంక్షన్లు. ల్యాప్‌టాప్ లేకపోతే నా పని ఆగిపోద్ది." వీరాంజనేయులు రెండు మాటలూ విన్నాడు.

మర్నాడు చేబ్రోలులో పెళ్ళికొడుకు ఊరేగింపు. ఎండ మాడు పగలగొడుతోంది, డీజే గుండెలదరగొడుతోంది, కెమెరా భుజం మీద ఉంది. ఫోన్ మోగింది. రెండో భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"అన్వర్ గారూ, లేచిందండీ. కనపడతంది."

ఆ ముక్క స్పష్టంగా వినపడింది. అన్వర్‌కి ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత వీరాంజనేయులు ఏదో వివరంగా చెబుతూనే ఉన్నాడు, ఇతను ఆఁ కొడుతూనే ఉన్నాడు. మన వైపు ఫోన్‌లో అవతలివాడు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆఁ అనకపోతే, ఉన్నావా పోయావా అని గొంతు చించుకుంటాడు. ఆ ఆఁకి ఒప్పుకున్నానని అర్థం కాదు, లైన్‌లో ఉన్నానని అర్థం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అందరం చేసేదే. అన్వర్ కూడా అదే చేశాడు.

సాయంత్రం వెలిగిపోతున్న మొహంతో వీరాంజనేయులు కొట్లో అడుగుపెట్టాడు. ల్యాప్‌టాప్ క్షణంలో లేచింది, మునుపటికంటే చురుగ్గా. లోపల ఏమీ లేదు.

"ఫైళ్ళేవండీ?"

వీరాంజనేయులు మొహంలో రంగు మారింది. "మీరేగా కొట్టెయ్యమంది?" అంటూ తన ఫోన్ తీశాడు. అతని ఫోన్‌లో ప్రతి కాలూ దానంతటదే రికార్డవుతుంది. బల్ల మీద పెట్టి వినిపించాడు.

"కనపడతంది గానీ లోపల ఫైళ్ళు చూపించట్లేదండీ. ఫైళ్ళే కావాలంటే ఇంక ముట్టుకోకుండా హైదరాబాదు ల్యాబుకి పంపాలి, నెల పడద్ది, వస్తాయని గ్యారంటీ లేదు. మీకు ఫంక్షన్లున్నాయన్నారుగా, ఫార్మాట్ కొట్టేస్తే సాయంత్రానికి రెడీ. ఉన్నదంతా పోద్ది మరి. కొట్టెయ్యనా?"

డీజే హోరులో తన గొంతు: "ఆఁ. ఆఁ. ఆఁ, ఆఁ."

"నేను రెండుసార్లు అడిగానండీ" అన్నాడు వీరాంజనేయులు చిన్నగా. అడిగాడు. రెండోసారి కూడా ఆఁ అనే ఉంది.

"వెనక్కి రాదా?"

"పాత హార్డ్ డిస్కైతే ఎంతోకొంత తవ్వితీసేవాణ్ణి. ఇది ఫార్మాట్ కొట్టగానే తనే లోపలంతా తుడిచేసుకుంటదండీ."

అయినా అన్వర్ తృప్తి కోసం ఒక సాఫ్ట్‌వేర్ పెట్టి గంటన్నర వెతికించాడు. తెర మీద దొరికిన ఫైళ్ళ లెక్కలో సున్నా కదల్లేదు. అతన్ని తిడదామంటే, ఆఁ అన్నది అన్వరే. ఎవర్ని తిట్టాలి? ఇక చేసేదేమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే భరించలేకపోయాడు.

మర్నాడు పొద్దున మహిమ వాళ్ళ ఊరు వెళ్ళాడు. ఇంటి ముందు కళ్ళంలో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాళ్ళమ్మ ఎలీసమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. మహిమ కుర్చీ తెచ్చి వేసింది. అన్వర్ కూర్చోలేదు, నిలబడే అంతా చెప్పాడు. ఫోన్‌లో తను అన్న ఆఁ కూడా దాచకుండా చెప్పాడు. ఎలీసమ్మ ఏరడం ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది.

మహిమ ఏడవలేదు. అతన్నే ఓదార్చబోయింది.

"పోనీలెండి. నాన్న జాగ్రత్తమ్మా అని ఉంటాడు. నేను కాలేజీకి వెళ్ళేప్పుడు కూడా అదే అనేవాడు. ఈ నెల రోజులూ అదే అనుకుంటున్నా." ఆగి అతని మొహంలోకి చూసింది. "అప్పుడు మీరు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నారుగా. అంతేగా అన్నయ్యా అన్నది?"

అవునమ్మా అంటే అయిపోయేది. ఆ పిల్లే మాట అందించింది, అందుకుంటే చాలు. కానీ నిన్నటి నుంచీ అన్వర్‌కి తన నోరంటేనే భయం పట్టుకుంది, తెలియనిదానికి ఇంకోసారి అవుననలేకపోయాడు.

"వినపడిందమ్మా. నేనే వినలేదు. మైకు పనిచేస్తందా లేదా అని మీటర్ గీతలు చూస్తా ఉన్నా. గొంతు బాగా చిన్నగా ఉందని సౌండు పెంచా. అయిపోద్దిలే అనుకున్నా, అవలేదు. మళ్ళీ పెంచా."

"రెండుసార్లు పెంచారా?"

"రెండుసార్లు."

"ఎంతసేపు చెప్పాడు?"

అది మాత్రం అతనికి బాగా తెలుసు. "అరనిమిషం పైనే ఉంటదమ్మా."

మహిమ వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత కళ్ళం వైపు చూసింది. పెదాలు కదిలాయి, ఆ మాటని లోపల్లోపల అని చూసుకున్నట్టు.

"జాగ్రత్తమ్మా అనడానికి అంతసేపు పట్టదుగా అన్నయ్యా" అంది.