రొట్టెల పొయ్యి దగ్గర ఉపన్యాసం

త్రివేణి జొన్నపిండిలో వేడినీళ్లు పోసి కలుపుతుంటే భర్త రఘుపతి వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు, ఒళ్లో అట్ట, చేతిలో పెన్ను. ఏటా మహిళా దినోత్సవానికి ముందురోజు అచ్చంపేటలోని ఆ ఇంట్లో జరిగే తంతే ఇది. ఆమె రొట్టెలు కొడుతూ చెప్తుంది, ఆయన రాసుకుంటాడు. మర్నాడు డిగ్రీ కాలేజీ వేదిక మీద అదే చదివి, శాలువా కప్పించుకుని ఇంటికొస్తాడు. ఆడవాళ్ల హక్కుల మీద మాట్లాడాలంటే రఘుపతి సారే మాట్లాడాలని చుట్టుపక్కల పేరు. ఆ శాలువాలు మడతపెట్టి బీరువాలో సర్దేది కూడా త్రివేణే.

పెళ్లినాటికి ఆమె ఎం.ఫిల్. చేస్తుండేది. తెలుగులో తొలినాళ్ల ఆడవాళ్లు తమ హక్కుల గురించి పత్రికల్లో రాసిన వ్యాసాలు ఆమె అంశం. అత్త గుర్వమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు "ఒక్క ఏడాది ఆగితే ఏం మునిగిపోతది" అన్నాడు రఘుపతి. నిజమే, ఏమీ మునగలేదు. అత్త లేచి తిరిగింది, పిల్లలు పుట్టారు, పెద్దవాళ్లయ్యారు. ఆ ఏడాది మాత్రం ఇంకా అయిపోలేదు.

నిన్న పక్కింటి అక్షిత పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. ఆ కాలేజీలోనే చదువుతుంది, రేపటి సభ పనులు చూసుకునేది ఆ పిల్లే. "ఆంటీ, సారు చదివేటియన్ని మీరు చెప్పినయే గద. మా కిటికీలకెళ్లి ఇనవడ్తది. ఈసారి మీరే వచ్చి మాట్లాడరాదు?" అనేసింది. త్రివేణికి వెళ్లాలని ఉంది. ఎంతగా ఉందో ఆ పిల్ల అడిగాకే తెలిసింది. "రేపు చెప్త బిడ్డా" అని పంపించింది.

"ఆఁ, చెప్పు" అన్నాడు రఘుపతి.

"వందేండ్ల కింద మన ఆడోళ్లు చదువు కావాలె, ఆస్తి కావాలె, ఇష్టంలేని పెండ్లి వద్దనే హక్కు కావాలె అని రాసిన్రు. రాసిన్రు గని చానమంది పేరు పెట్టుకోలే. కింద ‘ఒక స్త్రీ’ అని రాసి ఊకున్నరు."

"గిది మంచిగుంది. చప్పట్లు పడ్తయి. జర ఆగు, రాసుకోనియ్యి."

ముందుగదిలోంచి గుర్వమ్మ, "రొట్టె మాడుతాంది, ముచ్చట్లు తర్వాత పెట్టుకోరాదే" అంది. రొట్టె మాడలేదు. ఆ మాట అనడం ఆవిడకు అలవాటు, అంతే.

త్రివేణి రొట్టె తిప్పేసి, నిన్నటి నుంచి మనసులో పెట్టుకున్న చివరి వాక్యం చెప్పింది. ఇది గనక ఆయన చదువుతానంటే తాను వెళ్లనక్కర్లేదు, అక్షితకు రానని చెప్పేయొచ్చు అనుకుంది.

"గీ మాటలు నాయి గావు. మా ఇంట్ల త్రివేణి చెప్తే నేను రాసుకున్న."

పెన్ను ఆగింది. రఘుపతి నవ్వాడు. "గిదెందుకే? ఇంటి ముచ్చట స్టేజీ మీద చెప్తరా ఎవరన్న? నువ్వైతేంది, నేనైతేంది. మనమేమన్న వేరా?"

ఎంత ప్రేమగా అన్నాడో. కోపం లేదు, విసుగు లేదు. ఆ వ్యాసాల కింద పేర్లు కూడా ఇలాగే పోయి ఉంటాయి, ఎవరూ గట్టిగా ఒక్కమాట అనకుండానే. అది తట్టేసరికి త్రివేణికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేదు. చేతికంటిన పిండి కడుక్కుని, ఆయన ఒళ్లోంచి కాగితాలు తీసుకుంది.

"నువ్వైతేంది, నేనైతేంది అంటిరి గద. రేపు నేను చదువుత. రొట్టెలు మీరు కొట్టుండ్రి, పెనం కాగుతాంది."

"నాకొస్తదా?"

"నేను నేర్చుకున్నట్టే నేర్చుకుంటరు."

కిటికీ దగ్గరికి వెళ్లి పక్కింట్లోకి కేకేసింది.

"అక్షితా, రేపు మాట్లాడేది నేనే. బ్యానర్ మీద సారు భార్య అని రాయకు బిడ్డా. త్రివేణి అని రాయి."