బొగ్గు తీశాక మిగిలిన మట్టి

మా ఆయన గని చొక్కా ఉతకడమంటే మట్టితో కుస్తీ పట్టడమే. ఎన్నిసార్లు జాడించినా బకెట్ అడుగున బూడిదరంగు ముద్ద పేరుకుంటుంది. "గట్టిగా రుద్దు, చేతులేం అరిగిపోవులే" అంటుంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు. నేను రుద్దుతూనే ఆ ముద్దని వేళ్ళ మధ్య నలిపి చూసేదాన్ని. మెత్తగా, జిగటగా ఉండేది. టైల్స్ ఫ్యాక్టరీలో నా ఉద్యోగం మట్టి పరీక్షించడం. బొగ్గు తీశాక గనివాళ్ళు గుట్టలుగా పారబోసే ఈ మట్టితో టైల్స్ చేద్దామని మేనేజర్‌తో అన్నది నేనే.

మొదట్లో అన్నీ పాడయ్యాయి. ఆ మట్టిలో ఇంకా కాస్త బొగ్గు మిగిలే ఉంటుంది. గబగబా కాలిస్తే టైల్ ఉబ్బి పగిలేది, విరిస్తే లోపలంతా నలుపు. "ఇంట్లో మాడ్చేది చాలక ఇక్కడ కూడానా?" అని తోటివాళ్ళు నవ్వేవారు. మా ఆయన చుట్టాల ముందు "మేం పారేసింది మా ఆవిడ ఏరుకుంటోంది" అని అందర్నీ నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే నాకు జోకులు అర్థం కావంటాడు. బట్టీ వేడిని మెల్లగా పెంచి, లోపలి బొగ్గు పూర్తిగా కాలేదాకా అక్కడే ఆపి, ఆ తర్వాతే మంట ఎక్కువ చేశాక, టైల్స్ ఎర్రగా, ఖంగుమంటూ బయటికొచ్చాయి. అప్పట్నుంచి జోకులు ఆగాయి. మెచ్చుకోళ్ళు మాత్రం మొదలవలేదు.

మొన్న ఉదయం నా దగ్గర పని నేర్చుకున్న జూనియర్‌ని బట్టీ గదికి ఇన్‌చార్జిగా ప్రకటించారు. అందరితో పాటు చప్పట్లు కొట్టి, మేనేజర్ గదిలోకి వెళ్ళి అడిగాను.

"మొదట మీకే ఇద్దామనుకున్నామమ్మా. మట్టి లారీతో మీవారు వచ్చినప్పుడు ఆయనతో అన్నాను కూడా. అమ్మకి ఒంట్లో బాగుండదు, ఇంట్లో కుదరదన్నారు."

"నన్నెందుకు అడగలేదండీ?"

"ఆయన చెప్పాక ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని..."

చాలా మర్యాదగా అన్నాడు. ఇద్దరు మగవాళ్ళు లారీ పక్కన నిలబడి నా బతుకు తేల్చేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. లారీతో వచ్చిన ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన నాతో ఏమన్నాడా అని ఆలోచించాను. కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. అంతే.

అవతలి గని ఊళ్ళో ఒకావిడ ఇదే మట్టితో కప్పులూ పళ్ళాలూ చేసే కార్ఖానా పెట్టింది. బట్టీ చూసుకోమని నన్ను అంతకుముందే పిలిచింది. వారమంతా అక్కడే ఉండాలి కాబట్టి, ఇల్లు వదిలి ఎలా వెళ్తానని నేనే తప్పించుకు తిరిగాను. మేనేజర్ గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీదే నిలబడి ఆవిడకి ఫోన్ చేశాను. సాయంత్రం ఆయనకి చెప్పాను.

"వస్తానని చెప్పేశావా? మరి అమ్మనెవరు చూస్తారు?"

"మీ అమ్మేగా."

అత్తగారు టీ గ్లాసు పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నన్నొక్క మాట అడగాలని కూడా అనిపించలేదా నీకు?"

నటన కాదు, నిజంగానే బాధపడ్డాడు. ఆయన బాధ తగ్గించడం కూడా ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ నా పనే. నేను బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాను.