పైవైపు ముద్ర

ఐవీ చెడ్డపనేమీ చెయ్యలేదు. మంచిపనే చేసింది, మరీ మంచిగా చేసింది. అక్కడే కొంప మునిగింది.

భోజనాల వేళ కార్ఖానాలో అందరూ రొట్టె నములుతుంటే ఆమె చక్రం దగ్గర కూచుని మెరుగు పెట్టింది. మసి మొహంతో లేచివచ్చి వెండి కడియాన్ని మేవిస్ బల్ల మీద పెట్టింది.

"చూసుకోవే. ఇందులో చూసి పౌడరు రాసుకోవచ్చు."

మేవిస్ కడియాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. వెలుతురులోకి ఎత్తి చూసింది.

"ముద్రలేవే?"

"లోపలుంటాయిగా."

"లోపల లేవు. పైన కొట్టించా."

ఐవీ కడియాన్ని లాక్కుని పైవైపు వేలితో తడిమింది. అద్దంలా నున్నగా ఉంది.

బర్మింగ్‌హాం నగల పేటలో ఎవర్నడిగినా చెబుతారు, కడియానికి ముద్రలు లోపలివైపే ఉంటాయని. సింహం బొమ్మ ఉంటే వెండి మంచిది. లంగరు బొమ్మ ఉంటే ఈ ఊళ్ళోనే పరీక్షించారు. సముద్రం మొహమే చూడని ఊరికి లంగరేమిటని అడక్కండి. ఇంకో అక్షరం ఏడాదిని చెబుతుంది. వీటి పక్కనే చేసినవాడి ముద్ర. పేరుకే చేసినవాడిది! ఆ పొడి అక్షరాలు ముద్రలకు సరుకు పంపిన యజమానివి. మేవిస్ హాడ్లీ ఇరవయ్యేళ్ళుగా వంచి, అతికి, రాకి తయారుచేసిన ప్రతి కడియంలోనూ పిన్‌ఫోల్డ్ పేరే ఉంది. ఆయన టంకం పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

ఈ వసంతంలో మేవిస్ తన పేరు నమోదు చేయించుకుని 'ఎం.హెచ్.' అని సొంత అచ్చు తీయించుకుంది. సాయంత్రాలు వంటింటి బల్ల మీద ఈ కడియం చేసింది. ఒకరోజు సెలవు పెట్టి, వెండిని పరీక్షించి ముద్రలు కొట్టే ముద్రాఫీసుకు తీసుకెళ్ళి, కొక్కెం పక్కన పైవైపునే కొట్టమంది. "ఇది పెట్టుకున్నామె చెయ్యెత్తి బస్సు ఆపితే బస్సంతా నా పేరు చదవాలి" అంది. గుమాస్తా నవ్వి, సరేనన్నాడు.

ఐవీ చేతికి ఈ సంగతి తెలియదు. ఇరవయ్యేళ్ళుగా లోపలివైపు జాగ్రత్తగా వదిలేసి పైవైపును అద్దం చేసిన చెయ్యి అది. ఇవాళా అదే చేసింది. సింహం, లంగరు, ఎం.హెచ్. అన్నీ చక్రానికి పోయాయి.

"నన్ను కొట్టవే" అంది ఐవీ.

"నిన్ను కొడితే సింహం తిరిగొస్తుందా? నేను చెప్పొద్దూ! గొప్పకు పోయి పైన కొట్టించి, నీకు చెప్పడం మరిచా."

శనివారం పొద్దున లవెట్ దొరసాని తన కొట్టు అద్దాల బీరువా సర్దుతుంది. ఎదుటి వరసలో ఒక చోటు మేవిస్‌కని ఉంచింది. ముద్రలు లేనిదాన్ని వెండి అని అమ్మడం చట్టానికి విరుద్ధం కాబట్టి, ముద్రలతో తెస్తేనే అంది. లేకపోతే అక్కడ పిన్‌ఫోల్డ్ సరుకే. ఇవాళ గురువారం. ఇప్పుడిస్తే రేపటికి మళ్ళీ ముద్రలు పడతాయి. కానీ సాయంత్రం పని వదిలే కార్ఖానా కూత వేసేలోపే ముద్రాఫీసు కిటికీ మూస్తారు.

మేవిస్ లేచి పిన్‌ఫోల్డ్ గదికి వెళ్ళి ఒక్క గంట సెలవడిగింది. ఆయన కడియం తీసుకుని భూతద్దం పెట్టి చూశాడు.

"పనితనం బాగుంది మేవిస్. నా కార్ఖానాలో నేర్చిందే కదా."

"నేర్చింది మా అమ్మ దగ్గర, సార్. ఇక్కడ చేతులు అరగదీసుకున్నా."

"పోనీలే. నా అచ్చు కొట్టి నా సరుకుతో పంపిస్తా. రేపటికొస్తుంది. లవెట్ దగ్గర డబ్బులు నువ్వే తీసుకో. నాకు పైసా వద్దు."

మెత్తగానే అన్నాడు. ఈ మెత్తటి మాటలే మన మెడలు వంచేవి. డబ్బు నీకు, పేరు నాకు అంటాడు. ఆ పేరు పెట్టుకునే రేపు ఇంకో వందమంది చేత పని చేయిస్తాడు.

"వద్దు సార్. నా పేరుతోనే పోవాలి."

"అయితే సెలవు లేదు. పెద్ద ఆర్డరుంది. బల్ల దగ్గరికెళ్ళు."

మేవిస్ తిరిగొచ్చింది. మొహం చూస్తే అడగక్కర్లేదు. ఐవీ ఒక్క నిమిషం ఆలోచించింది. పిన్‌ఫోల్డ్ పెద్ద ఆర్డరు ఉంగరాల పళ్ళెం, ముద్రలు పడి మెరుగు కోసం వచ్చింది, ఆమె చక్రం పక్కనే ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని దొర గదికి నడిచింది. మిగతా మెరుగు ఆడవాళ్ళు వెనకే వెళ్ళారు.

"అయ్యగారూ, నా చేతికేదో జబ్బొచ్చింది" అంది ఐవీ.

"ఏం జబ్బు?"

"ఇంతకాలం బయటివైపే రుద్దేది కదా. ఇవాళ్టినుంచి లోపలివైపూ రుద్దేస్తోంది. నా మాట వినదు. ఈ ఉంగరాలు దానికిస్తే ఏమవుతాయో ఏమో."

"నాకూ అదే జబ్బండీ" అంది వెనకామె.

"అంటువ్యాధనుకుంటా" అంది మరొకామె, గట్టిగా దగ్గుతూ.

పిన్‌ఫోల్డ్ పళ్ళెంకేసి చూశాడు. ఒక్కో ఉంగరంలో బుల్లి బుల్లి పిన్‌ఫోల్డ్‌లు, వాటన్నిటికీ ఎదురుగా ఐవీ బొటనవేలు.

"ఇది బెదిరింపు!"

"జబ్బంటే బెదిరింపంటారేంటి? మందు మీ దగ్గరే ఉంది. మేవిస్‌కు ఒక్క గంట."

ఆయన కోపంగా మొదలుపెట్టి, చివరికి ముక్కుతో నవ్వేశాడు. "పో మేవిస్! పరిగెత్తు, కిటికీ మూస్తారు."

పరిగెత్తింది. గుమాస్తా కడియాన్ని చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "మా సింహాన్ని ఎవరు తినేశారమ్మా?"

"ఐవీ. మళ్ళీ ఇవ్వండి. పైవైపునే."

"మళ్ళీ పైనేనా!"

"పైనే."

శుక్రవారం కడియం ముద్రలతో వచ్చింది. ఎం.హెచ్. మళ్ళీ కొక్కెం పక్కన కూచుంది. అచ్చు దెబ్బలకు చుట్టూ మసకబారిన వెండికి మళ్ళీ మెరుగు పెట్టాలి. ఐవీ ఈసారి ముద్రల మీద తన బొటనవేలు అడ్డంపెట్టి, చుట్టూ మెరిపించింది. వేడికి వేలు బొబ్బెక్కింది.

శనివారం లవెట్ దొరసాని కడియాన్ని ఎదుటి వరసలో, పైవైపు అద్దానికి తిప్పి పెట్టింది. వీధిలోంచి మేవిస్, ఐవీ ఇద్దరూ ముక్కులు ఆనించి చూశారు.

"నీ పేరు చక్కగా ఉందే" అంది ఐవీ, కట్టుకట్టిన వేలు చూపిస్తూ. "దాని చుట్టూ ఆ మెరుపెవరిదో ఎక్కడా రాయలేదు మరి."

మేవిస్ నవ్వబోయి ఆగింది. "నిజమేనే. మెరుగు పెట్టేవాళ్ళకు ముద్ర లేదుగా!"

"సోమవారం దొరను అడుగుదాం" అంది ఐవీ. "జబ్బు పూర్తిగా తగ్గలేదు."