పొడిచేత్తో చూసిన కాలు

రెండో వరద వచ్చిన ఏడాది అది. మొదటి వరద మా మసాజ్ సెంటరు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయింది. రెండోది లోపలికొచ్చి, బల్లల కాళ్ళు నాలుగు రోజులు నానబెట్టి, గోడల మీద మోకాలెత్తున బురద చార వేసి పోయింది. ఆ బురద కడుక్కున్న మూడో వారంలో మా కోడలి ఉద్యోగం ఊడబోయింది. ఆ సంగతే చెబుతాను.

నాది మాలీషు పని. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళయింది మొదలుపెట్టి. మెడ పట్టేసినవాళ్ళు, నడుం వంగనివాళ్ళు నా బల్ల మీద మూలుగుతూ పడుకుని, నవ్వుకుంటూ లేచి పోయేవారు. బడి చదువు మూడో తరగతితో సరి. మిగతాదంతా చేతులు నేర్చుకున్నదే.

మా కోడలు అలా కాదు. ఆరు నెలలు శిక్షణకి పోయి, సర్టిఫికెట్ తెచ్చుకుని, మా సెంటర్లోనే ఆడవాళ్ళ గదిలో చేరింది. ఆ శిక్షణలో సగం చర్మం గురించేనట. తామర ఎలా గుండ్రంగా పాకుతుంది, గజ్జి ముందు ఎక్కడ మొదలవుతుంది, ఏది అంటుకుంటుంది, ఏది అంటుకోదు. భోజనాల దగ్గర కూడా అవే కబుర్లు. "నోట్లో ముద్ద పెట్టుకున్నప్పుడే గుర్తొస్తుందా తల్లీ నీకు గజ్జి?" అని మా ఆవిడ కసిరేది. సెంటర్లో తోటివాళ్ళు తోలు డాక్టరమ్మ అని పేరు పెట్టారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. అబద్ధమెందుకు?

ఒకసారి మాత్రం నవ్వలేకపోయాను. మోచేతుల మీద తెల్లటి పొలుసులు లేచిన మచ్చలతో ఒకావిడ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. మా కోడలు వచ్చి చూసి, "సోరియాసిస్ కదండీ? ఇది అంటుకునేది కాదు. పగుళ్ళున్నచోట వదిలేసి చేస్తాను, పడుకోండి" అంది. ఆవిడ పడుకుని బల్ల మీదే ఏడ్చింది. మూడేళ్ళుగా తన ఒంటి మీద ఒక్కరూ చెయ్యి వెయ్యలేదట. తలుపవతల నిలబడి విన్నాను. ఆ పూట కోడలితో ఏమీ అనలేదు. ఇంటికెళ్ళాకా అనలేదు. నా తీరంతే.

ఇక, కోడలి ఉద్యోగం ఊడబోయిన రోజు సెంటరు తెరవగానే లారీల ఆసామి కుంటుకుంటూ వచ్చాడు. ఆయనకి పన్నెండు లారీలు, ఒక గోదాము. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆయన మాట మీద వచ్చినవాళ్ళే. వరద తీశాక గోదాములో బురద తానే దగ్గరుండి తోడించాడు. రెండు వారాలు కాళ్ళు బురదలోనే.

"పెద్దాయనా, పిక్క బెణికింది. రాత్రంతా ఒకటే లాగడం. గట్టిగా పిసుకు, మధ్యాహ్నానికి నేను నడవాలి" అంటూ బల్ల ఎక్కాడు.

నూనె గిన్నె వేడినీళ్ళలో పెట్టి ఉంది. ముందు చేతులకి వెచ్చటి నూనె పట్టించుకుని, ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యి వెయ్యడం నా అలవాటు. చల్లటి చెయ్యి తగిలితే కండ బిగుసుకుంటుంది. అలాగే నూనె చేతుల్తో ఆయన ఎడమ పిక్క పట్టుకున్నాను. ఉబ్బి ఉంది, ఎర్రగా ఉంది.

"బెణుకే" అన్నాను. "వాపు లాగేస్తే సరి."

తువ్వాళ్ళ దొంతర తెచ్చిన మా కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"మావయ్యా, చెయ్యి తియ్యండి."

నలుగురిలో ఆమె నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. తీశాను. ఆమె చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని, వేళ్ళ వెనకవైపు ముందు ఆయన కుడి పిక్కకి, తర్వాత ఎడమ పిక్కకి ఆనించింది. కాలివేళ్ళు విడదీసి చూసింది. చిటికెనవేలి సందులో చర్మం నాని, తెల్లబడి, చీలి ఉంది.

"రాత్రి చలి పుట్టిందా అండీ?"

"పుట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా. అయితే ఏంటిప్పుడు?"

"ఇది బెణుకులా లేదు. ఆ పగుల్లోంచి లోపలికేదో దిగినట్టుంది. పిసికితే మీకే ప్రమాదం. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళండి."

"అమ్మా తోలు డాక్టరూ, ఆ పురాణం నీ గదిలో చెప్పుకో. పెద్దాయన బెణుకన్నాడుగా!"

ఆమె ఏప్రాన్ జేబులోంచి పెన్ను తీసి, ఎరుపు ఎంతవరకు ఉందో అక్కడ కాలి చుట్టూ గీత గీసింది.

"నా కాలేమన్నా పొలమనుకున్నావా, హద్దులు గీస్తున్నావ్!" అని ఆయన ఎగిరిపడ్డాడు.

ఆ అరుపుకి మేడం వచ్చింది. సెంటరు ఆవిడదే. "ఏంటమ్మా ఇది? వచ్చినవాళ్ళని ఆస్పత్రికి తరమడానికా నీకు జీతం?"

"రక్తం గడ్డకట్టిందో, ఇన్‌ఫెక్షనో డాక్టరు తేలుస్తారు మేడం. చెయ్యి వెయ్యాలా వద్దా అన్నదొక్కటే మనం చూసుకోవాలి. ఈ కాలు మీద వెయ్యకూడదు."

"మీ మావయ్య వేస్తాడు. నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు."

అందరూ నా వైపు తిరిగారు. బెణుకన్నది నేను. ముప్పై ఎనిమిదేళ్ళలో నా మాట నేనే వెనక్కి తీసుకున్నది లేదు.

కుళాయి దగ్గరికి వెళ్ళాను. నూనె జిడ్డు వదిలేదాకా సబ్బుతో రుద్దాను. తుడుచుకున్నాను. చేతుల వెచ్చదనం చల్లారేదాకా నిలబడ్డాను. "ఏం తాతా, స్నానం కూడా చేసొస్తావా?" అని మేడం గొణిగింది. వచ్చి, మా కోడలు చేసినట్టే వేళ్ళ వెనకవైపు ఆనించాను. కుడి కాలు మామూలుగా ఉంది. ఎడమ కాలు పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది.

నా చేతుల్లో ఉన్న నూనె వేడి వల్ల ఆ కాలి వేడి నాకు తెలియలేదు. ఇంతకాలం ఎందరి కాళ్ళు అలా పట్టుకున్నానో మరి.

"నేనన్నది తప్పు" అన్నాను. "అమ్మాయి చెప్పిందే నిజం. ఈ కాలు నేను పట్టను."

"నువ్వు కూడానా!"

"ఆమె రాకపోతే నేనూ రాను."

ఆసామి విసురుగా బల్ల దిగాడు. "ఊళ్ళో మాలీషు చేసేది మీరొక్కరేనా!" అంటూ కుంటుకుంటూ పోయాడు. మేడం తన గదిలోకి పోయి తలుపు దభాలున వేసుకుంది. మేమిద్దరం ఇంటిదారి పట్టాం.

"ఒకవేళ నాదే తప్పయితే, మావయ్యా?" అంది కోడలు.

"తప్పయితే తిట్లు తిందాం. ఆయన కాలికొచ్చిన నష్టం లేదుగా."

నవ్వింది. నవ్వుతూనే పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిజానికి అప్పుడు నాకు దిగులు లేదు. ఆమె నా పక్కన నడుస్తుంటే, ఎదురొచ్చేవాళ్ళని ఆపి, ఈమె మా కోడలు అని చెప్పాలనిపించింది.

సాయంత్రం మేడం నుంచి కోడలికి ఫోను. అందరం వినేలా పెట్టింది.

"ఆసామి భార్య ఫోన్ చేసిందమ్మా. మధ్యాహ్నానికి ఎరుపు నీ గీత దాటి మూడు వేళ్ళ మేర పైకి పాకిందట. అది చూసి హడలిపోయి ఆయనే ఆస్పత్రికి పదమన్నాడట. చేర్చుకుని నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. ఇంకా ఆలస్యమైతే రక్తంలోకి పోయేదన్నారట. ఈ గీత గీసిందెవరని డాక్టరు అడిగి మరీ మెచ్చుకున్నాడట. రేపు పెందలాడే రండి. ఇద్దరూ."

మా ఆవిడ చంకలు గుద్దుకుంది. "చూశారా నా కోడల్ని!"

"నీ కోడలేంటి? నా కోడలు" అన్నాను.

ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నన్నే చూశారు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చింది లెక్కల మాస్టారు. నడుం నొప్పి. చొక్కా విప్పి నా బల్ల మీద బోర్లా పడుకున్నాడు. నేను ఆడవాళ్ళ గది గుమ్మం దగ్గరికెళ్ళి పిలిచాను.

"అమ్మాయ్, ఇలా ఒకసారి వచ్చి ఈయన వీపు చూడు. నువ్వు సరేనన్నాకే నూనె ముట్టుకుంటా."

"ఏం పెద్దాయనా, కళ్ళు ఆనడం లేదా?" అన్నాడు మాస్టారు, తలెత్తకుండానే.

"ఆనుతున్నాయి మాస్టారూ. పాఠం చెప్పించుకుంటున్నా" అన్నాను. ఆమె పక్కన నిలబడి, ఆమె వేలు ఎక్కడెక్కడ ఆగుతోందో, అక్కడేముందో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను.