మైదానంలో వంతు

బెయిల్ మీద బయటికొచ్చి వారం తిరగకముందే కోచ్ మళ్లీ మైదానంలో ఈల ఊదాడు.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల హాలు కిటికీలు ఆ మైదానం వైపే తెరుచుకుంటాయి. ఈల వినగానే కాజాలక్క మిషన్ మీంచి కాలు తీసేసింది. చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆమెకు ఆ పేరే మిగిలింది. కిందికి చూసింది. తన కూతురి మీద చెయ్యి వేసిన మనిషి, ఏమీ జరగనట్టు పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాడు. ఆమెకు ముందు కోపం కూడా రాలేదు. ఒళ్లంతా నీరసం కమ్మింది. స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది ఇందుకేనా అనిపించింది.

మైదానంలోని ఆ ఆటల కేంద్రం ఫ్యాక్టరీ యాజమాన్యం పెట్టిందే. బడి వదిలాక, తల్లుల షిఫ్టు అయ్యేదాకా పిల్లలు అక్కడే ఉంటారు. మొదట్లో ముందు షిఫ్టు దిగిన తల్లుల్లో ఒకరు వంతు ప్రకారం గట్టు మీద కూర్చుని పిల్లల్ని కనిపెట్టుకునేవారు. "రోజంతా మిషన్ తొక్కి వచ్చారు, ఇంటికెళ్లి నడుం వాల్చండమ్మా. నేనున్నాగా" అన్నాడు కోచ్. అంత చల్లని మాట వాళ్లతో ఏ మేస్త్రీ, ఏ మొగుడూ అన్న పాపాన పోలేదు. పొంగిపోయి వంతులు మానేశారు. అలిసిపోయిన మనిషికి ఏ ఎర వెయ్యాలో వాడికి బాగా తెలుసు.

సాయంత్రం విరామంలో భోజనాల గది గోలగోలగా ఉంది.

"మేనేజర్‌ని అడిగొచ్చాను" అంది కాలర్లు కుట్టే కాలరక్క. "కోర్టు తేల్చేదాకా ఆయన నేరస్తుడు కాదంట. ఎక్కువ మాట్లాడితే కేంద్రానికే తాళం వేస్తారంట. రేపట్నించి పిల్లల్ని ఎక్కడ వదులుతాం?"

"వేస్తే వేసుకోనీ!" అంది బటన్ల పిల్ల. అందరిలోకీ చిన్నది.

"నీకేం తల్లీ, పెళ్లా పెటాకులా! ఎన్నయినా చెప్తావు."

"అసలు వంతులు మానకపోతే ఆ రోజు ఎవరిదయ్యేదే? ఒక్కరు కూర్చునుంటే ఇంతదాకా వచ్చేదా?"

అంతే, గది భగ్గుమంది. నీదంటే నీదని ఒకరి మీద ఒకరు పడ్డారు. కాలరక్క మాత్రం తల దించుకుని గిన్నె మూత బిగిస్తూ కూర్చుంది.

"ఇక చాలు" అంది కాజాలక్క. గొంతు పెంచే ఓపిక కూడా లేదామెకు. "తప్పు చేసినవాడు కింద ఈల ఊదుతున్నాడు. మనం ఇక్కడ జుట్లు పట్టుకుంటున్నాం. రేపు నా కూతురు కోర్టులో చెప్పాలి. వాడి వకీలు ఏమంటాడు? 'మిగతా తల్లులందరూ ఈయన దగ్గరికే పిల్లల్ని పంపుతున్నారు, ఈ ఒక్కతే అబద్ధం చెప్తోంది' అంటాడు. వంతులు మళ్లీ మొదలెడదాం. మొదటి వంతు నాది. ఇప్పుడే."

విరామం అయిన గంట మోగగానే హాల్లోకెళ్లి, తన మిషన్ ముందున్న స్టూలు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. వెనకాల బటన్ల పిల్ల. ఆ వెనక చొక్కా చేతులు కుట్టేవాళ్లు. ఒక బల్ల ఆగితే పక్క బల్లకు పని అందదు. మేస్త్రీ గొంతు చించుకుంటుండగానే హాలంతా ఆగిపోయింది. ఆడవాళ్లు మైదానం చుట్టూ స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. పిల్లలు వరస వదిలేసి అమ్మల దగ్గరికి పరుగెత్తారు. కోచ్ ఈల మీద ఈల ఊదాడు. ఒక్కరూ కదల్లేదు.

మేనేజర్ రొప్పుతూ వచ్చాడు. "పని మానేసి ఇక్కడేం చేస్తున్నారు?"

"వంతు సార్."

"ఏం వంతు?"

"వాణ్ణి ఇక్కణ్ణించి పంపేదాకా రోజూ ఉండే వంతు" అంది కాజాలక్క.

మేనేజర్ ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. కోచ్‌ను దాటుకుని స్టూళ్ల దగ్గర ఆగింది. అందర్నీ రెచ్చగొట్టిందని కాజాలక్కను ఎక్కించుకుపోయింది. న్యాయం కోసం పిలిస్తే ఎన్నడూ టైముకు రాని జీపు!

"ఒక్క పిల్ల మాట పట్టుకుని ఫ్యాక్టరీ ఆపుతారా?" అన్నాడు స్టేషన్ ఎస్సై. తనను రేపటికి వదలకపోతే, కోర్టు గది బయట కూతురి చెయ్యి ఎవరు పట్టుకుంటారు? ఆ ఒక్క దిగులే కాజాలక్కను తినేస్తోంది.

పొద్దుగూకే వేళకు కాలరక్క స్టేషన్‌కు వచ్చింది. పక్కన ఆమె కూతురు.

"నా పిల్ల నాకెప్పుడో చెప్పిందే" అంది కాజాలక్కతో, కళ్లు తుడుచుకుంటూ. "పరువు పోతుందని నేనే నోరు నొక్కాను. నువ్వు జీపెక్కుతుంటే ఇది నన్ను చూసిన చూపు... ఇంక నావల్ల కాలేదు." ఎస్సై వైపు తిరిగింది. "మా పిల్ల కూడా వాడి మీద ఫిర్యాదు ఇస్తుంది సార్."

"రేపు రండమ్మా."

"రేపు కోర్టుంది. ఇప్పుడే తీసుకోండి. మీకు తీరిక దొరికేదాకా కూర్చుంటాం. స్టూళ్లు తెచ్చుకున్నాం."

ఎస్సై కిటికీలోంచి వాకిట్లోకి చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, పిల్లతో మాట్లాడటానికి మహిళా కానిస్టేబుల్‌ను కేకేశాడు.

"రేపు నిన్ను వదలకపోతే నీ కూతురి వెంట నేనెళ్తాను" అంది కాలరక్క. "నువ్వు కాస్త నడుం వాల్చు. మేమున్నాంగా."

కోచ్ అన్నదీ అదే మాట. ఆ మాట నమ్మే ఒకసారి నిండా మునిగింది. కాజాలక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. వాకిలి నిండా స్టూళ్లు, స్టూళ్ల మీద తనలాగే అలిసిపోయిన ముఖాలు.

"నీ తర్వాత వంతు ఎవరిది?"

"బటన్ల పిల్లది."

"ఆ తర్వాత?"

కాలరక్క ఒక్కొక్కరినీ చూపిస్తూ చెప్పుకుపోయింది. అందరి వంతులూ విన్నాక, కాజాలక్క స్టేషన్ బల్ల మీద నడుం వాల్చింది.