పన్నెండు అడుగుల ఐదు అంగుళాలు

పొద్దున లేవగానే తారామణి స్టవ్ మీద చాయ్ పెట్టి, కూతురు సుబ్బులును లేపి, గోడ ఎక్కడుందో చూసుకునేది.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో అనంతలక్ష్మిగారి ఇంటి ముందు వాటా వాళ్లది. రైలుపెట్టెలాగా ఇరవై అడుగుల పొడవు. వీధి వైపు తారామణి మోటార్లకు వైండింగ్ చేసేది, వెనక వైపు తల్లీకూతుళ్ల కాపురం. మధ్యలో ఒక ఇటుక గోడ, దాంట్లో తలుపు లేని దారి. పని ఎక్కువైతే గోడ వెనక్కి జరిగేది. ఇంట్లో అవసరం పడితే ముందుకొచ్చేది. ఎండాకాలం కాలిపోయిన ఫ్యాన్లూ బోరు మోటార్లూ వచ్చిపడితే స్టవ్ దాకా పోయి నిలబడేది. బోనాలకు చుట్టాలొస్తే వీధి గడప దాకా వచ్చి అందరికీ చాపలు పరిచేంత చోటిచ్చేది. సున్నం వేసేవాడు ఆ గోడకు మాత్రం ఒక రోజు కూలి ఎక్కువ అడిగేవాడు. ఏలూరు నుంచి వచ్చి స్థిరపడిన అనంతలక్ష్మిగారు అద్దెకిచ్చేటప్పుడు ఒకే షరతు పెట్టింది. "పెరట్లోకి మాత్రం రానివ్వకు తారా, బట్టలారేసుకుంటాను."

తారామణి భర్త కనకరాజు ఫ్యాక్టరీలో వైండరు. నాలుగేళ్ల కింద కామెర్లతో పోయాడు. ఆయన సెలవు రోజుల్లో బయటి మోటార్లు ఇంటికి తెచ్చి కట్టేవాడు. ఎదురుగా కూర్చుని రాగితీగ అందిస్తూ అందిస్తూ ఆమె పని నేర్చుకుంది. ఆయన పోయిన నెలకే ఎవరో మోటారు మోసుకొచ్చి గడపలో నిలబడి, "అన్న లేడా?" అన్నారు.

"అన్న లేడు. మోటారు నాకియ్యి," అంది తారామణి.

అప్పటి నుంచి ఆ సందులో ఆమె పేరే నడిచింది. మౌలాలి నుంచి, చెంగిచెర్ల నుంచి కూడా మోటార్లు వచ్చేవి. లూనా మీద పొద్దున సుబ్బులును బడిలో దింపి, అదే లూనా మీద రాగితీగ తెచ్చుకుని, బాగైన మోటార్లు ఇచ్చొచ్చేది. ఒకే కిరాయి, ఒకే కరెంటు మీటరు, ఒకే లూనా. ఏది ఇంటిది, ఏది పనిది అని ఆమె ఎప్పుడూ విడదీసి చూడలేదు. ఉప్పల్ చౌరస్తాలో రిటర్నులు రాసే భూషణమే మూడేళ్లుగా కిరాయిలో సగం, కరెంటులో ముప్పాతిక, పెట్రోలులో ముప్పాతిక పనికింద వేసి పంపేవాడు.

తొంభై నాలుగులో ఒక పెద్ద కంపెనీ తన మోటార్లన్నిటి వైండింగ్ ఏడాదికి కాంట్రాక్టు ఇస్తానంది. తారామణి పనితనం వాళ్లకు తెలుసు. కాకపోతే పన్ను ఆఫీసు నుంచి క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలన్నారు. దానికి అర్జీ పెడితే సర్టిఫికెట్ బదులు నోటీసు వచ్చింది.

ఆఫీసరు చిదంబరంగారు మెత్తగా మాట్లాడే మనిషి. ఫైలు ముందేసుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇంటి అద్దె సొంత ఖర్చమ్మా. పిల్లను బడికి తీసుకెళ్లే బండి సొంత బండి. ఇవి వ్యాపారంలో ఎలా వేశారు?"

"కొంతే వేసినం సార్," అన్నాడు భూషణం. "పని చేసే జాగ వరకే. గోడ జరుగుతది కాబట్టి అందాజుగ సగం అన్నం."

"గోడ జరగడం మీద నాకేం అభ్యంతరం లేదు. ఎంత జరిగిందో రాసిపెట్టకపోవడం మీదే అభ్యంతరం. ఆ సగం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

భూషణం తల గోక్కున్నాడు.

"ఒక పని చేయండి," అన్నాడు చిదంబరంగారు. "ఈ ఖర్చులు పొరపాటున వేశాను, వదులుకుంటున్నాను అని కాగితం రాసివ్వండి. మూడేళ్ల పన్ను, వడ్డీ కట్టేయండి. సర్టిఫికెట్ వారంలో ఇచ్చేస్తాను. ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి ఇంత తతంగం దేనికి?"

బయటికొచ్చి మెట్ల మీద భూషణం బతిమిలాడాడు. "రాసియ్యి అక్కా. కాంట్రాక్టు వస్తే ఆ పైసలు రెండు నెలల్ల తేలుతయి. ఆఫీసరుతోని కొట్లాడి గెలిచినోళ్లను నేను సూడలే."

తారామణి వెనక్కి తిరిగి మళ్లీ లోపలికి పోయింది.

"సార్, నేను రాసియ్య."

చిదంబరంగారు తలెత్తాడు.

"పొరపాటున వేసిన్నని రాస్తే, మూడేండ్లు దొంగలెక్క చెప్పిన్నని నా చేత్తోని నేనే ఒప్పుకున్నట్టు. ఇంట్ల కూసొని చేసే పని అన్నరు. కూసున్న జాగకు కిరాయి నేనే కట్టిన. కాల్చిన కరెంటుకు బిల్లు నేనే కట్టిన. పని జాగ ఎంతనో మీరు చెప్పకుండ్రి, నేనూ చెప్ప. గోడ చెప్తది. ఎన్ని దినాలు కొలవాల్నో చెప్పుండ్రి."

ఆయన క్యాలెండరు చూశాడు. "ముప్పై రోజులు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మధ్యలో వచ్చి నేనూ చూస్తాను."

కంపెనీ గడువు ముప్పై అయిదు రోజులుంది.

తారామణి టేపు కొన్నది. రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నది. వీధి గడప నుంచి గోడ దాకా రోజుకు మూడుసార్లు కొలిచి రాసేది. రాత్రి గోడ కదలదు, సాయంత్రం ఎక్కడ ఆగితే తెల్లారిందాకా అక్కడే. మొదటి వారం పదిహేను అడుగులు, పదహారు అడుగులు వచ్చింది. భూషణం వచ్చి చూసి సంబరపడ్డాడు.

తొమ్మిదో రోజున సుబ్బులుకు అమ్మవారు పోసింది.

పిల్ల ఒంటినిండా పొక్కులు. తారామణి చాప మీద పలచటి బట్ట పరిచి, వేపాకులు పెట్టి, పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి గోడ చప్పుడు లేకుండా ముందుకొచ్చేసింది. వీధి వైపు రెండడుగులు మిగిలాయి. మోటార్లన్నీ ఆ రెండడుగుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మనుషులు గడప అవతలే ఆగి, వేపమండ చూసి, మళ్లీ వస్తామని పోయారు.

రెండడుగులు. తారామణి అదే రాసింది. మర్నాడూ రెండడుగులు. ఆ మర్నాడూ అంతే.

అమ్మవారు పోసిన అయిదో రోజు భూషణం గడప బయట నిలబడి పుస్తకం అందుకుని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "గిట్ల రాస్తే ఇచ్చేది కూడ ఇయ్యరక్కా. ఈ దినాలకు పదిహేను అని ఏసెయ్యి. ఎవరు సూడొచ్చిన్రు?"

"నేను సూసిన."

"కాంట్రాక్టు పోతదక్కా."

"పోనియ్యి. ఆయన నన్ను అబద్ధాలది అన్నడు. ఇప్పుడు పదిహేను అని రాస్తే ఆయన మాట నిజమైతది. గోడ నా బిడ్డ దిక్కు వచ్చింది, వచ్చిందనే రాస్త. రేపు పని దిక్కు పోతది, పోయిందనీ రాస్త. రెండూ నావే."

అనంతలక్ష్మిగారు పెరటివైపు నుంచి రోజూ మజ్జిగ, కొబ్బరినీళ్లు అందించేది. తొమ్మిది రోజులకు సుబ్బులుకు నీళ్లు పోశారు. పిల్ల లేచి అన్నం తిన్న మధ్యాహ్నమే ఆగిపోయిన పనంతా ఒక్కసారి మీద పడింది. ఎండలు ముదిరాయి. కాప్రా నుంచి మూడు కాలనీల బోరు మోటార్లు ఒకే రోజు వచ్చాయి. గోడ పదహారు, పదిహేడు దాటి పద్దెనిమిది అడుగులకు పోయింది. వంట వెనక మెట్టు మీదికి మారింది.

చిదంబరంగారు వచ్చిన రోజు సుబ్బులు ఇంటి వైపు మంచం మీద పడుకుని బొమ్మల పుస్తకం చూస్తోంది. ఆ ఉదయం కాస్త పని తక్కువ. గోడ పదిహేను దగ్గర ఉంది. ఆయన చెప్పులు విప్పి, సొంత టేపు తీసి, ఒక కొస గడప మేకుకు తగిలించి, రెండో కొస పట్టుకుని గోడకు ఆనించాడు. నోటుబుక్కులో ఉన్నదానితో సరిపోయింది.

అప్పుడే రిక్షా వచ్చి ఆగింది. నీళ్లు లేక రెండు రోజులైందంటూ ఒక కాలనీ వాళ్లు నలుగురు పెద్ద బోరు మోటారు మోసుకొచ్చి లోపల దించారు. తారామణి చీర కొంగు నడుముకు చుట్టి మోటారు విప్పడం మొదలుపెట్టింది. గోడ కదిలింది. చిదంబరంగారి చేతిలో టేపు కరకరమంటూ సాగింది. ఆయన దాంతోపాటే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచాడు. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. గోడ వచ్చి సరిగ్గా సుబ్బులు మంచం మధ్యలో ఆగింది. తల ఇంట్లో, కాళ్లు షాపులో. పిల్ల గోడకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగి పేజీ తిప్పింది.

"మరి ఈ మంచం ఏ లెక్కలోకి వస్తుందమ్మా?" అన్నాడు ఆయన.

"మంచం ఇంటిదే సార్. దానికి నేనెప్పుడు రూపాయి అడగలే," అంది తారామణి తల తిప్పకుండా. ఆమె రెండు చేతులూ మోటారు లోపల ఉన్నాయి. మాడిపోయిన తీగ చుట్టలు చుట్టలుగా బయటికి లాగుతోంది.

ఆయన ఆ చేతుల్నే చూస్తూ నోటుబుక్కు అందుకున్నాడు. వెనకటి పేజీలు తిప్పాడు. వరసగా తొమ్మిది రోజులు రెండడుగులు అని ఉన్నచోట వేలు ఆగింది.

"ఇవి కూడా రాశారే!"

"బిడ్డకు పానం బాగలేకుండె. ఆ దినాలు గోడ ఆడనే ఉన్నది."

ఆయన పుస్తకం మూసి పెట్టాడు. టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ముప్పై ఒకటో రోజు తారామణి, భూషణం ఆఫీసుకు పోయారు. చిదంబరంగారు తొంభై కొలతలూ తానే కూడి, తానే భాగించాడు. రెండుసార్లు చేశాడు.

"సగటు పన్నెండు అడుగుల అయిదు అంగుళాలు. ఇరవైలో అది నూటికి అరవై రెండు పాళ్లు," అన్నాడు. "మీరు సగమే వేసుకున్నారు. సరే, సగానికి నాకు అభ్యంతరం లేదు. అనుమతిస్తున్నాను."

భూషణం కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. తారామణి లేవలేదు.

"సగం ఎందుకు సార్? అరవై రెండు కదా!"

"మీరు రిటర్నులో అడిగింది సగమేనమ్మా."

"అప్పుడు తెల్వక అడిగిన. ఇప్పుడు తెలిసింది. ఈ ఏడుది మార్చి రాసిచ్చేటందుకు కాయితం ఉంటదట కదా, అది ఇయ్యుండ్రి. కరెంటు, పెట్రోలు ముప్పాతిక అట్లనే ఉండనియ్యుండ్రి. నా బిడ్డ బడికి పోయే పావలా వంతు నాదే, అది నాకొద్దు."

భూషణం ఆమె చీర కొంగు పట్టి లాగాడు. ఆమె కొంగు విడిపించుకుంది. చిదంబరంగారు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత సొరుగు లాగి ఫారం బయటికి తీసి, తన పెన్నే ఆమెకు ఇచ్చాడు.

"ఇన్నేళ్ల సర్వీసులో తగ్గించడానికి పిలిస్తే పెంచుకుని పోయినవాళ్లు మీరొక్కరే," అన్నాడు.

సర్టిఫికెట్ రెండు రోజులకు వచ్చింది. కాంట్రాక్టు కూడా వచ్చింది.

కాని ఆ నోటుబుక్కు తారామణిని వదల్లేదు. ఆఫీసు కోసం కొన్న పుస్తకాన్ని ఆమె ఆదివారం మధ్యాహ్నం తనకోసం తిరగేసింది. పద్దెనిమిది, పద్దెనిమిదిన్నర, పంతొమ్మిది. సాయంత్రం గడిలో కూడా అవే అంకెలు. ఒక్క అడుగు జాగలో పిల్ల గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని హోంవర్కు రాసిన సాయంత్రాలు అవన్నీ. జబ్బుపడితే తప్ప పిల్లకు ఆ ఇంట్లో చోటు రాలేదని తన చేతిరాతే చెప్తోంది. పుస్తకం మూసేసింది.

సోమవారం కంపెనీ లారీ వచ్చి పన్నెండు మోటార్లు దించింది. గోడ స్టవ్ దాటి వెనక గుమ్మానికి ఆనుకుంది. తారామణి సందులోని ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకుంది. రాగితీగ ఎట్లా చుట్టాలో చూపించింది. సాయంత్రం అయిదున్నరకు సైరను కూసి ఫ్యాక్టరీలు ఖాళీ అవుతుంటే మెయిన్ స్విచ్ ఆపేసి, వాళ్లను ఇళ్లకు పంపి, చేతులు కడుక్కుని వచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది.

"ఇగ చాలు," అంది.

గోడ కాసేపు కదల్లేదు. తారామణి చెయ్యి తియ్యలేదు. తర్వాత అది మెల్లగా ముందుకొచ్చింది. పన్నెండు మోటార్లనూ నెట్టుకుంటూ, ఒక్కదానికి గీత పడకుండా, వీధి వైపు వరసగా పేర్చి, గడపకు నాలుగడుగుల ఇవతల ఆగింది. సుబ్బులు ఖాళీ అయిన నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. మళ్లీ వెనక్కి పరుగెత్తింది.

కాంట్రాక్టు కాగితాల మీద సంతకాలకు వచ్చిన భూషణం గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"రోజూ సాయంత్రం గిట్ల ముందుకొస్తే వచ్చే ఏడు అరవై రెండు రాదక్కా. యాభై కూడ రాదు. పన్ను ఎక్కువ పడతది."

తారామణి స్టవ్ వెలిగించి బియ్యం కడుగుతోంది.

"పడనియ్యి భూషణం," అంది. "కడ్త."